బోర్డులు కట్టుకుని కళింగపట్నం నుంచి బారువ దాకా

శ్రీకాకుళం జిల్లాకి దాదాపు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. అందులో ఎక్కువ భాగం ఒట్టి ఇసుకే. అయినా సర్ఫింగ్ అనగానే మా వైపు జనం గోవా అంటారు, మహా అయితే రుషికొండ అంటారు. రాళ్ళ మీద విరిగే కెరటాలైతే నాలాంటివాళ్ళు ఆ ఛాయలకే వెళ్ళకూడదు. ఇక్కడ అలా కాదు, పడినా ఇసుకలోనే పడతాం. ఆ ధైర్యంతోనే ఇంటిల్లిపాదీ బయల్దేరాం.

ఇంటిల్లిపాదీ అంటే నలుగురం. మా తమ్ముడు చెన్నైలో ఉద్యోగం చేసిన రోజుల్లో, ఆ దగ్గర్లోని కోవళంలో సర్ఫింగ్ నేర్చుకున్నాడు. ఇప్పుడు విశాఖలో ఉంటున్నాడు, వారానికోసారైనా నీళ్ళలో దిగకపోతే వాడికి తోచదు. నేను వాడి దగ్గరే నేర్చుకుని, విరిగిన కెరటం నురుగు మీద లేచి నిలబడే దాకా వచ్చాను. విరగని కెరటాన్ని పట్టడం ఇంకా చేతకాదు. మా అమ్మాయికి పదకొండేళ్ళు, ఈత వచ్చు, బోర్డు ఎప్పుడూ ఎక్కలేదు. మా ఆయనకి ఈత రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. "కారు నేను నడుపుతా, బట్టలు నేను చూసుకుంటా, నన్ను మాత్రం నీళ్ళలోకి రమ్మనకండి" అని విజయనగరంలోనే ముందరి కాళ్ళకి బంధం వేసేశాడు. ఈ నలుగురికీ సరిపడే బీచ్ ఒకటి ఉంటుందా అన్నదే నా అనుమానం.

శుక్రవారం, కళింగపట్నం

మధ్యాహ్నం భోజనాలయ్యాక కదిలాం. కారు మీద రెండు బోర్డులు. ఒకటి తొమ్మిది అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు, రెండోది తమ్ముడి ఆరున్నర అడుగుల గట్టి బోర్డు. కింద పాత దుప్పటి మడతపెట్టి, పైన బెల్టులు బిగించాం. బిగించే ముందు వాడు ప్రతి బెల్టుకీ ఒక మెలిక తిప్పాడు. మెలిక లేకపోతే హైవే మీద గాలికి బెల్టు బుర్రుమని మోగుతూ తల తినేస్తుందట. నిజమే, దారంతా చప్పుడు లేదు.

శ్రీకాకుళంలో నాగావళి దాటి, అరసవల్లి మీదుగా గార రోడ్డు పట్టుకున్నాం. సూర్యనారాయణస్వామికి కారులోంచే దండం పెట్టేసుకున్నాం. మార్చిలో, అక్టోబరులో పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడే రోజుల్లో ఇటు రావాలంటే జనాన్ని తోసుకుని రావాలి. ఏప్రిల్ చివర్లో ఆ గొడవ లేదు.

కళింగపట్నం ఒకప్పటి ఓడరేవు. ఇప్పుడు చెప్పుకోడానికి లైట్‌హౌస్, బీచ్, వంశధార. నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఊరి బీచ్‌కి ఉత్తరాన నది మొగ ఉంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, రేపటికి పని పడుతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల పాటు, తూర్పు తీరంలో మరబోట్ల వేటకి సెలవు. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. అందుకని బోట్లన్నీ ఇసుక మీదే ఉన్నాయి. వాటి నీడన కూర్చుని మగవాళ్ళు వలలు బాగు చేసుకుంటున్నారు. మోటారు లేని తెప్పలకి ఈ నిషేధం లేదు కాబట్టి అవి మాత్రం పొద్దున్నే వెళ్ళి వస్తున్నాయి.

మేం చేరేసరికి అయిదు దాటింది. దక్షిణపు గాలి జోరుగా ఉంది, సముద్రమంతా చిందరవందరగా ఉంది. మా అమ్మాయి అప్పటికే బట్టలు మార్చుకుని రెడీ. తమ్ముడు దిగనివ్వలేదు. ఇసుక దిబ్బ మీద కూర్చోబెట్టి అరగంట సముద్రాన్ని చూడమన్నాడు.

"ఏముంది మావయ్యా చూడ్డానికి?"

"ఎక్కడ తెల్లగా ఉందో, ఎక్కడ లేదో చూడమ్మా."

కాసేపటికి నాకూ కనబడింది. దూరంగా ఒక తెల్లటి గీత ఉంది. అక్కడ నీళ్ళ కింద ఇసుక మేట ఉందన్నమాట, కెరటం మొదటిసారి అక్కడ విరుగుతోంది. దాని ఇవతల కొంత మేర నల్లటి నీళ్ళు, అది లోతు. అక్కడికొచ్చేసరికి విరిగిన కెరటం మళ్ళీ సర్దుకుంటోంది. ఇంకా ఇవతల రెండో మేట, నడుము లోతు ఉంటుందేమో, అక్కడ నురుగు పొర్లుతోంది. ఆఖర్న ఒడ్డు వాలు మీద దభీమని పడే చిన్న కెరటం.

కెరటం తన ఎత్తుకి సుమారు ఒకటిం పావు రెట్ల లోతుకి రాగానే విరుగుతుంది. మీటరు ఎత్తు కెరటమైతే మీటరూ పాతిక ముప్ఫై సెంటీమీటర్ల లోతులో తల వాలుస్తుంది. నేల నిదానంగా ఎక్కుతూ వస్తే కెరటం నెత్తిమీంచి నురుగు కార్చుకుంటూ మెల్లగా విరుగుతుంది. నేల ఒక్కసారి లేస్తే మాత్రం చుట్టచుట్టుకుని మీద పడుతుంది. నేర్చుకునేవాళ్ళకి మొదటి రకం కావాలి, ముదుర్లకి రెండో రకం కావాలి. కళింగపట్నంలో మేట మేటకీ ఒక రకం దొరికింది. బయటి మేట మా తమ్ముడిది, లోపలి మేట బయటి అంచు నాది, లోపలి మేట మీద నురుగు మా అమ్మాయిది. పొడి ఇసుక మా ఆయనది.

ఇసుక తీరమంటే చిన్నచూపు చూసేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ మొదటిసారి పెట్టింది టోక్యో క్రీడల్లో, 2021 జులైలో. అది జరిగిన త్సురిగసాకి ఇసుక తీరమే. 2024 పారిస్ ఒలింపిక్స్‌కి మాత్రం సర్ఫర్లని తహితీ దీవికి పంపారు. అక్కడ కెరటం పగడపు దిబ్బ మీద విరుగుతుంది, పడితే ఒళ్ళు చెక్కుకుపోతుంది. టీవీలో తహితీ చూసి సర్ఫింగంటే అదే అనుకుని మా అమ్మ ఈ ప్రయాణానికి నెల్లాళ్ళు ఒప్పుకోలేదు.

శనివారం, కళింగపట్నం

తెల్లవారకముందే లేచాం. ఏప్రిల్లో అయిదున్నరకల్లా పొద్దు పొడిచేస్తుంది. రాత్రంతా చల్లబడిన నేల మీంచి సముద్రం వైపు పల్చటి గాలి వీస్తుంది. అది కెరటం మొహానికి ఎదురుగా తగిలి, దాన్ని తొందరగా విరగనివ్వదు, నున్నగా నిలబెడుతుంది. ఎండెక్కి తొమ్మిదయ్యేసరికి గాలి తిరిగిపోతుంది, ఆట చెడిపోతుంది. కాబట్టి ఈ వేసవిలో మనకి దక్కేది పొద్దున్న మూడు గంటలే. టిఫిన్లు, సెల్ఫీలు అన్నీ తర్వాతే.

ముందు రాత్రి ఫోన్లో ఇన్‌కాయిస్ వాళ్ళ సముద్ర సూచన చూసుకున్నాం. సముద్రం లేని హైదరాబాదులో కూర్చుని దేశంలోని తీరమంతటికీ కెరటాల సంగతి చెప్పే సంస్థ అది. జనం ఎత్తు ఒక్కటే చూస్తారు. ఒక కెరటానికీ ఇంకో కెరటానికీ మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడాలి. అయిదారు సెకన్లయితే దగ్గర్లోని గాలి లేపిన చిల్లర కెరటాలు. పన్నెండు దాటితే అవి దక్షిణ హిందూ మహాసముద్రపు తుఫాన్లలో పుట్టి, వేల కిలోమీటర్లు వచ్చినవి. ఎత్తు తక్కువగా కనిపించినా వాటిలో బలం ఉంటుంది. ఆ రోజువి పన్నెండు పైనే.

బోర్డులు దించుతుంటే పక్క బోటు దగ్గరున్న ముసలాయన లేచి వచ్చాడు. వాటిని తట్టి చూసి, "ఇది మీద నిలబడతారేటి?" అన్నాడు. అవునన్నాం. మా అమ్మాయి అప్పటికే ఒక చోట చూసుకుంది. రెండు తెల్లటి పొర్లింతల మధ్య కెరటమే లేని ప్రశాంతమైన సందు అది. అటు నడుస్తుంటే ఆయన గట్టిగా అరిచాడు.

"ఓ గుంటా, అటెల్లకు! లాగేస్తాది."

కింద పడున్న కొబ్బరి డొక్క ఒకటి తీసి, ఆ సందులోకి విసిరాడు. రెండు వైపులా కెరటాలు ఒడ్డుకొస్తున్నాయి. డొక్క మాత్రం వాటికి ఎదురుగా, తీరిగ్గా సముద్రంలోకి వెళ్ళిపోతోంది. చూస్తుండగానే రెండో మేట దాటింది, ఇంకాస్సేపటికి కనబడలేదు. "కెరటం నేదని అక్కడే దిగుతారమ్మా టౌనోళ్ళు" అన్నాడాయన.

మేటల మీంచి ఒడ్డుకి వచ్చిపడిన నీళ్ళు తిరిగి పోవాలి కదా. మేటల మధ్య ఎక్కడ తెగి ఉంటే అక్కణ్ణుంచి పోతాయి. అక్కడ లోతెక్కువ కాబట్టి కెరటం విరగదు, అందుకే నిమ్మళంగా కనిపిస్తుంది. ఆ లాగుడుకి ఎదురీదితే గజ ఈతగాడికైనా రొప్పు తప్ప ఏమీ మిగలదు. అందులో పడితే గాభరా పడకుండా తేలుతూ ఉండాలి, ఒడ్డు వైపు కాకుండా పక్కకి ఈదాలి. తెల్లటి నురుగు ఉన్న చోటికి చేరితే ఆ నురుగే ఒడ్డుకి తోస్తుంది. బోర్డు ఉంటే అసలు వదలకూడదు. విచిత్రమేమిటంటే, మా తమ్ముడు సరిగ్గా ఆ డొక్క వెళ్ళిన దారినే బోర్డు మీద పడుకుని, చేయి పెద్దగా కదపకుండా బయటి మేట దాకా వెళ్ళిపోయాడు. ఆ ముసలాయన నవ్వి, "వాడికి తెలుసు" అన్నాడు.

వెళ్ళే ముందు అమ్మాయికి పాఠం ఒడ్డు మీదే అయింది. మొదట తమ్ముడు దాన్ని వెనక నుంచి ఊరికే తోశాడు, ఏ కాలు ముందుకు పడిందో చూశాడు. కుడికాలు. అయితే ఎడమకాలు వెనక, బోర్డుని కాలికి కట్టే తాడు ఎడమ మడమకి. ఇసుక మీద బోర్డు పెట్టి, దాని మీద బోర్లా పడుకోబెట్టాడు. కాలివేళ్ళు తోక అంచుకి తగలాలి, ఛాతీ కింద చేతులు ఆనాలి, చూపు ముందుకి ఉండాలి. మోకాళ్ళ మీద కూర్చోవడం అలవాటైతే మళ్ళీ మానిపించడం కష్టమని, ఒకేసారి రెండు పాదాలూ ఛాతీ కిందకి లాక్కుని లేవమన్నాడు. పది పదిహేను సార్లు లేపాడేమో, దానికి విసుగొచ్చింది.

జాగ్రత్తలు మాత్రం నాలుగు మాటల్లో తేల్చేశాడు. పడితే వెల్లకిలా, అడ్డంగా పడు, తలకిందులుగా దూకకు, కింద ఇసుక మోకాలి లోతులోనే ఉండొచ్చు. పైకి తేలేటప్పుడు రెండు చేతులూ తల మీద పెట్టుకో, బోర్డు ఎక్కడుందో తెలీదు. కెరటానికీ నీకూ మధ్య బోర్డు ఎప్పుడూ ఉండకూడదు. తెప్ప వస్తుంటే నువ్వే తప్పుకో.

నడుము లోతులో నేను బోర్డు పట్టుకున్నాను. నురుగు వచ్చే ముందు తోశాను. మొదట బోర్డు ముక్కు మునిగింది, పిల్ల ముందుకి గిరాటు పడింది. కాస్త వెనక్కి జరిపాను. ఈసారి బోర్డు సాఫీగా జారింది. పిల్ల లేవడం మర్చిపోయి పడుకునే ఒడ్డు దాకా వెళ్ళి, ఇసుకలో ఆగి, అక్కణ్ణుంచి కేకలు. మా ఆయన వీడియో తీస్తూ తన వేలు అడ్డం పెట్టేశాడు. తర్వాత ఎప్పుడో ఒక నురుగు మీద లేచింది. మోకాళ్ళు వంచి, చేతులు బారచాచి, పిర్రలు వెనక్కి పెట్టి, ఒడ్డున మోకాలి లోతు నీళ్ళ దాకా వచ్చి దిగింది. దిగి, ఏమీ జరగనట్టు బోర్డు తిప్పుకుని మళ్ళీ లోపలికి నడిచింది.

ఇక నా సంగతి. ఫోమ్ బోర్డు ఒక్కటే కావడంతో వంతులు. నా వంతులో లోపలి మేట బయటి అంచున, కాళ్ళు రెండు వైపులా వేసుకుని కూర్చున్నాను. అక్కడ కెరటం ఇంకా విరగలేదు, లేస్తూ ఉంటుంది. బోర్డు ఒడ్డు వైపు తిప్పి బారలు వేయాలి. కాసేపటికి వెనక తోక లేస్తుంది, కింద నీళ్ళు ఖాళీ అయినట్టు అనిపిస్తుంది. భయమేసి చేతులు ఆపేసేది అక్కడే. ఆపితే కెరటం కింద నుంచి జారిపోతుంది, మనం అక్కడే ఉంటాం. ఇంకో రెండు బారలు గట్టిగా వేస్తే బోర్డు దానంతటదే పరుగు తీస్తుంది. ఆ రెండు బారలు నాకు చాలాసేపు పడలేదు. పడినప్పుడు బోర్డు కింద చప్పుడే మారిపోయింది. చపచప ఆగి సర్రుమంది. లేచాను, ఎడమ వైపు కెరటం గోడ ఇంకా విరగకుండా ఉంది, దాని వెంటే రెండు క్షణాలు పోయి పడ్డాను. ఆ తర్వాత పొద్దున్నంతా ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు, నవ్వుతూనే ఉన్నాను.

అప్పుడు ఒడ్డు చూస్తే మా ఆయన కనబడలేదు. బట్టల మూట కనబడలేదు. లైట్‌హౌస్ ఉండాల్సిన చోట లేదు. మేం ఉన్నచోటే ఉన్నామనుకుంటున్నాం కానీ, నీళ్ళు మమ్మల్ని ఉత్తరానికి నెట్టుకుపోతున్నాయి. వేసవిలో కెరటాలు దక్షిణం నుంచి ఏటవాలుగా వస్తాయి, ఒడ్డు వెంబడి ప్రవాహం ఈశాన్యానికి పోతుంది. ఉత్తరాన ఏముందో చెప్పానుగా, వంశధార మొగ. అక్కడ లోతుకి లెక్కలేదు, నది నీరూ సముద్రపు పోటూ కలిసే చోట సుడులుంటాయి. అటు కొట్టుకుపోవడం సరదా విషయం కాదు.

దీనికి మందు మా ఆయనే అయ్యాడు. బీచ్‌లో ఒక చోట ఎర్ర తువ్వాలు పాతి, దాని పక్కన నిలబడ్డాడు. మేం తువ్వాలుకి ఎడమగా బాగా జరిగిపోతే రెండు చేతులూ ఊపుతాడు. వెంటనే బయటికి వచ్చి, ఒడ్డు మీద దక్షిణానికి నడిచి, మళ్ళీ దిగాలి. కెరటాలతో పాటు ఈ నడక కూడా ఆటలో భాగమే. ఈత రాని మనిషికి బీచ్‌లో ఇంత బాధ్యత ఉంటుందని తనూ అనుకోలేదు. మధ్యాహ్నానికి విజిల్ కూడా కొన్నాడు.

చోడంబలి తాగి, కాస్త నడుం వాల్చి, మూడింటికి శాలిహుండం కొండెక్కాం. బౌద్ధ స్తూపాల శిథిలాలున్న కొండ, వంశధార దక్షిణపు గట్టు మీద ఉంది. స్తూపాల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను కింద నదినే చూస్తూ ఉండిపోయాను. వేసవి కదా, నీరు తక్కువ, ఇసుక ఎక్కువ. పొద్దున్న మమ్మల్ని ఆడించిన మేటల ఇసుక ఇలాంటి నదులు తెచ్చి పోసిందే. దాన్ని కెరటాలు ఏటా ఉత్తరానికి తోసుకుపోతుంటాయి. దారిలో ఎవరైనా సముద్రంలోకి రాళ్ళ గోడ కడితే దక్షిణం వైపు ఇసుక పేరుకుంటుంది, ఉత్తరం వైపు ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖలో హార్బరు గోడల తర్వాత ఆర్కే బీచ్‌కి జరిగింది అదే. డ్రెడ్జింగ్ ఇసుక తెచ్చి పోస్తే గానీ ఆ బీచ్ నిలవని పరిస్థితి. ఇప్పుడు సంతబొమ్మాళి మండలం మూలపేటలో కొత్త పోర్టు కడుతున్నారు. జిల్లాకి ఉద్యోగాలొస్తాయంటే సంతోషమే. దానికి ఉత్తరాన ఉన్న ఊళ్ళ ఒడ్డు సంగతి కూడా ఎవరో ఒకరు కొలుస్తూ ఉంటే బాగుంటుంది.

రాత్రి భోజనంలోకి మామిడికాయ ముక్కలేసిన ఎండు నెత్తళ్ళ కూర. పచ్చి చేప దొరకని కాలంలో ఇంతకంటే ఏం కావాలి.

ఆదివారం, దారి

పొద్దున్న కళింగపట్నంలోనే ఇంకో గంట ఆడాం. నిన్నటి సందు కాస్త దక్షిణానికి జరిగింది, లోపలి మేట రెండుగా చీలినట్టుంది. ఒక్క రాత్రిలో అంత మారుతుందా అని నేను నోరెళ్ళబెట్టాను. తమ్ముడు మాత్రం మామూలుగా తీసుకున్నాడు. ఇసుక తీరంలో నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు, ప్రతి పొద్దునా మళ్ళీ కూర్చుని చూడాల్సిందే అన్నాడు.

వెనక్కి శ్రీకాకుళం వచ్చి హైవే ఎక్కాం. మడపాం టోల్‌గేట్ దగ్గర కుర్రాడు కారు మీదకి చూసి, "ఏటండీ ఇవి, తలుపులా?" అన్నాడు. టెక్కలి, పలాస దాటాక ఉద్దానం మొదలైంది. కొబ్బరి, జీడిమామిడి, పనస. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ తోటలు నేలమట్టమయ్యాయి. ఇప్పుడు చాలాచోట్ల లేత కొబ్బరి చెట్లు కనిపిస్తాయి. రోడ్డు పక్కన తాటి ముంజలు తిన్నాం, పన్నెండు గంటల ఎండలో అవే ప్రాణం నిలబెట్టాయి.

ఎండ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. బోర్డు మీద కాలు జారకుండా రాసే మైనం ఈ వేడికి కారిపోతుంది. వేడి నీళ్ళకి వాడే గట్టి రకం మైనమే కొనాలి, బోర్డుని కారు మీద ఎండలో వదలకూడదు. ఏప్రిల్లో మన సముద్రపు నీళ్ళు 28 డిగ్రీల పైనే ఉంటాయి, ఒళ్ళు కప్పుకోవాల్సింది చలికి కాదు, ఎండకీ, ఛాతీకి బోర్డు ఒరుసుకోకుండానూ. పొడుగు చేతుల బిగుతు చొక్కా వేసుకోవాలి. కాటన్ టీషర్టు నీళ్ళు తాగి కిందకి లాగుతుంది.

సోంపేటలో గది తీసుకున్నాం. సాయంత్రం బారువ బీచ్‌కి వెళ్ళి, దిగకుండా చూసి వచ్చేశాం.

సోమవారం, బారువ

బారువలో మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది. మహేంద్రగిరి నుంచి వచ్చే నది కాబట్టి ఆ పేరు. ఇదీ ఒకప్పటి రేవే. ఒడ్డుకి కొబ్బరితోటలు బాగా దగ్గర. కళింగపట్నం కంటే ఇక్కడ వాలు కాస్త ఎక్కువనిపించింది. ఒడ్డు దగ్గర పడే కెరటం గట్టిగా పడుతోంది. పోటు నిండుగా ఉన్నప్పుడు బయట మేట మీద కెరటం విరగకుండానే వచ్చి ఒడ్డు మీద ధనామని పడుతుంది. చిన్నపిల్లలతో ఆ వేళ దిగడం మంచిది కాదు. నీరు కాస్త తీశాక మేట బయటపడుతుంది, కెరటాలు దూరంగా విరగడం మొదలెడతాయి. మన తీరంలో పోటుకీ పాటుకీ తేడా పెద్ద పోట్ల రోజుల్లో కూడా మీటరున్నర అటూ ఇటూనే. కానీ ఇసుక మేటకి ఆ మీటరున్నరే సర్వస్వం. మేం గంటసేపు ఆగి దిగాం.

ఆగిన ఆ గంటలోనే ఒక తెప్ప ఒడ్డుకొచ్చింది. చెక్క దుంగలు తాళ్ళతో కట్టిన పాత తెప్పలు ఇప్పుడు తగ్గాయి, ఇది ఫైబర్‌ది. మీద ఇద్దరు మనుషులు. బయటి మేట అవతల ఆగిపోయారు. వెనక్కి చూస్తూ కూర్చున్నారు. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి, వాటి తర్వాత కాస్త విరామం ఉంటుంది. వెనకాయన తెడ్డు నీళ్ళలో నిలువుగా పెట్టి, కదలకుండా, ఒక్కొక్కటీ కింద నుంచి పోనిచ్చాడు. గుంపులో ఆఖరిది ఏదో ఆయనకి తెలుసు. అది వచ్చే ముందు ఇద్దరూ ఒకేసారి తెడ్లు వేశారు, తెప్ప తోక లేచింది, మా తమ్ముడు "చూడు, చూడు" అంటున్నాడు. కెరటం మొహం మీద తెప్ప ఏటవాలుగా జారుతుంటే వెనకాయన తెడ్డుతోనే దిక్కు సరిచేస్తూ, నురుగంతా తమ వెనక పెట్టుకుని, సరిగ్గా మా కాళ్ళ ముందుకు తెచ్చి ఇసుకలో ఆపాడు. తడిసింది మోకాళ్ళ దాకానే. కోవళంలో జాలరి కుర్రాళ్ళు సర్ఫింగ్‌లో అంత త్వరగా పైకి ఎలా వచ్చారో నాకు అప్పుడర్థమైంది. కెరటం ఎప్పుడు పట్టాలో వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు, నిలబడటం ఒక్కటే కొత్త.

అది ఆ పొద్దున్నే రుజువైంది. మేం ఆడుతుంటే ఊరి కుర్రాళ్ళు అయిదారుగురు పోగయ్యారు. "అక్కా, ఒక్కపాలి ఇవ్వవా" అంటూ ఒకడు నా వెంటే తిరిగాడు. పన్నెండు పదమూడేళ్ళుంటాయి. ఫోమ్ బోర్డు ఇచ్చాను. పాఠం చెప్పబోతే వినలేదు. తనే ఈడ్చుకుంటూ లోపలికెళ్ళాడు, కెరటం చూసుకున్నాడు, బోర్డు మీదకి దూకాడు, పడ్డాడు. మళ్ళీ వెళ్ళాడు. కాసేపటికే నిలబడ్డాడు. నురుగు మీద కాదు, విరగని కెరటం మీద. నాకు అన్నాళ్ళు పట్టిన ఆ రెండు బారలు వాడికి అసలు సమస్యే కాలేదు. మా అమ్మాయి మొహం మాడ్చుకుంది, తర్వాత వాడి దగ్గరికెళ్ళి ఎలా లేచావో చూపించమంది. వాడు ఇసుకలో గీతలు గీసి చూపించాడు. మా తమ్ముడు ఈలోపు బయటి మేట మీద ఒక్కడే ఉన్నాడు. వచ్చాక, ఈ ప్రయాణంలో మంచి కెరటాలు బారువలోవే అన్నాడు.

సముద్రపు తాబేళ్ళ గురించి చెప్పకుండా బారువ పూర్తికాదు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికొస్తాయి. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి. కుక్కలూ నక్కలూ తవ్వకుండా గుడ్లని తీసి కంచె వేసిన చోట పొదిగిస్తారు. పిల్లలు వెలుగు ఎటుంటే అటు నడుస్తాయి, రాత్రి సముద్రం మీద వెలుగే వాటికి దారి. ఒడ్డున టార్చిలైట్లు, కార్ల హెడ్‌లైట్లు వేస్తే దారి తప్పి తోటల్లోకి పోతాయి. రాత్రి బీచ్‌లో క్యాంప్‌ఫైర్ పెట్టాలనుకునే సర్ఫర్లు ఈ నెలల్లో దయచేసి ఆ ముచ్చట మానుకోండి.

తిరుగు ప్రయాణంలో వజ్రపుకొత్తూరు మండలం అక్కుపల్లి దగ్గర శివసాగర్ బీచ్ చూశాం. పదకొండు దాటింది, గాలి తిరిగిపోయింది, దిగే వేళ కాదు. మేటలు మాత్రం బాగున్నాయని తమ్ముడు దిబ్బ మీంచి లెక్కలేసుకున్నాడు. పలాసలో జీడిపప్పు కొన్నాం. మా ఆయన బేరం ఆడుతుంటే కొట్టాయన కారు మీద బోర్డులు చూసి బేరం మర్చిపోయి వాటి గురించే అడిగాడు.

మళ్ళీ ఎప్పుడు అన్న చర్చ టెక్కలి దాకా సాగింది. తమ్ముడికి జూన్, జులై కావాలి, కెరటాలు పెద్దవిగా ఉంటాయి. అప్పుడు నాకూ పాపకీ ఒడ్డే గతి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం, ఆ మాటే వద్దన్నాడు మా ఆయన. డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా సముద్రం చిన్నగా, నున్నగా ఉంటుంది, కొత్తవాళ్ళకి అంతకంటే మంచి కాలం లేదు, తమ్ముడికి మాత్రం ఆవులింతలే. చివరికి సంక్రాంతి సెలవులకి ఖాయం చేశాం, కళింగపట్నానికే. ఈలోగా ఇంకో ఫోమ్ బోర్డు మాత్రం కొనాలి, ఉన్నదాన్ని మా అమ్మాయి ఇక నాకు వదిలేలా లేదు.